ఇరోరి ఆరిపోయాక వెలిగిన రొబతయాకి

టోక్యోలోనో, లండన్‌లోనో, దుబాయ్‌లోనో రొబతయాకి రెస్టారెంటులోకి అడుగుపెడితే కనిపించేది దాదాపు ఒకటే. మధ్యలో కణకణలాడే బొగ్గుల పొయ్యి, దాని వెనక ఎత్తు పీట మీద మోకాళ్లు మడిచి కూర్చున్న వంటవాడు, ఎదురుగా ఐసు మీద పేర్చిన చేపలు, రొయ్యలు, పుట్టగొడుగులు, వంకాయలు. మూడు వైపులా కౌంటర్, దాని వెంట జనం. ఎవరైనా ఒక చేపను వేలితో చూపిస్తే వంటవాడు కేకేసి ఆర్డర్ అందుకుంటాడు. కాల్చి, పడవ తెడ్డు లాంటి పొడవాటి చెక్క గరిట మీద పెట్టి, నిప్పుల మీదుగా చేతికి అందిస్తాడు. ఇది శతాబ్దాల నాటి జపాన్ పల్లె సంప్రదాయమనీ, ఒకే నిప్పు చుట్టూ అందరూ కూర్చుని పంచుకు తినడమే దీని గొప్పతనమనీ మెనూ కార్డులో తరచూ రాసి ఉంటుంది.

అందులో నిజం లేకపోలేదు. అయితే జపాన్ పల్లె ఇంట్లో ఉండిన అసలు పొయ్యి, అంటే ఇరోరి, చుట్టూ రోజులు ఎలా గడిచాయో చూస్తే ఈ కథ సగానికి పైగా మారిపోతుంది. ఇరోరి చుట్టూ ఎవరికి తోచిన చోట వాళ్లు కూర్చోలేదు. ఒకే పళ్లెంలోంచి తినలేదు. పూటపూటకీ చేపలు కాల్చుకోనూ లేదు. రొబతయాకి అనే దుకాణం పుట్టింది 1950లో, ఒక నగరంలో. పల్లెల్లో ఇరోరి మీద విసుగు మొదలై, దాన్ని వదిలించుకునే ప్రయత్నాలు ఊపందుకుంటున్న రోజులవి. ఆ పాత పొయ్యిలోంచి నగరం తనకు కావలసింది ఏరుకుని, అక్కర్లేనిది వదిలేసింది. ఏది తీసుకుంది, ఏది వదిలేసింది అన్నదే ఇక్కడ ఆసక్తి కలిగించే సంగతి.

ఇరోరి అంటే చెక్క నేల మధ్యలో చతురస్రంగానో, కాస్త పొడుగ్గానో తీసిన గుంట. లోపల రాయి, మట్టి వేసి, పైదాకా బూడిద నింపుతారు. చుట్టూ చెక్క అంచు. మన కుంపటిలా కావలసిన చోటికి జరుపుకునే వీలుండదు. ఇల్లు కట్టేటప్పుడే దాని చోటు నిర్ణయమైపోతుంది, తక్కిన ఇల్లంతా దాన్ని బట్టే అమరుతుంది. పైన దూలం నుంచి జిజాయ్‌కగి అనే కొక్కెం వేలాడుతుంది. దానికి ఇనుప కుండో, నీళ్ల కెటిలో తగిలిస్తారు. మంట పెంచడం తగ్గించడం కన్నా కుండను పైకీ కిందికీ జరపడం తేలిక కాబట్టి, కొక్కేనికి అడ్డంగా ఒక చెక్క బిగింపు ఉంటుంది. చాలా ఇళ్లలో దాన్ని చేప ఆకారంలో చెక్కేవారు. నీళ్లలో తిరిగే చేప అగ్నిప్రమాదాన్ని దగ్గరికి రానీయదని నమ్మకం. కప్పంతా ఎండుగడ్డి, కింద పగలూ రాత్రీ నిప్పు. ఆ నమ్మకం అవసరం ఎంతగా ఉండేదో ఊహించుకోవచ్చు.

కొక్కేనికి కాస్త పైన ఒక చెక్క చట్రం కూడా వేలాడేది. ఎగిసిన నిప్పురవ్వలను కప్పు దాకా పోకుండా ఆపడం దాని మొదటి పని. తడిసిన గడ్డి చెప్పులు, ధాన్యం, చేపలు ఆరబెట్టుకోవడం రెండో పని. బూడిదలో మూడు కాళ్ల ఇనుప స్టాండు, నిప్పులు కదపడానికి ఇనుప పుల్లలు, బూడిద చదును చేసే చిన్న పార. సామాను ఇంతే. దీంతోనే వంట, వెచ్చదనం, వెలుతురు, బట్టలు ఆరడం, పైన అటక మీది పని, అన్నీ జరిగిపోయేవి.

దేశమంతా ఒకే తీరు కాదు. పశ్చిమ జపాన్‌లో అన్నం వండటానికి మట్టితో కట్టిన కమదో పొయ్యి వేరుగా ఉండేది. చలి ఎక్కువైన తూర్పు, ఉత్తర ప్రాంతాల్లో వంటకూ చలికీ ఇరోరే దిక్కు. అందుకే ఇరోరి పేరు చెబితే జపనీయుల మనసులో మెదిలేది ఈశాన్య జపాన్‌లోని తోహొకు మంచు పల్లె.

ఇరోరికి పొగగొట్టం ఉండదు. ఇది లోపంగా తోస్తుంది కానీ ఆ ఇల్లు నిలబడింది పొగ మీదే. పైకి లేచిన పొగ గడ్డి కప్పులోంచి మెల్లగా వడగట్టుకుంటూ బయటికి పోతుంది. పోతూ పోతూ గడ్డిని ఆరబెడుతుంది, పురుగును చంపుతుంది, వాసాల మీద నల్లటి జిగురు పూతలా అంటుకుని చెక్కను కాపాడుతుంది. యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన షిరకవగో, గోకయమ ఊళ్లలోని ఇళ్లు దీనికి మంచి ఉదాహరణ. రెండు అరచేతులు జోడించినట్టు ఏటవాలుగా లేచే ఆ పెద్ద కప్పులను మేకులు కొట్టి కాదు, గడ్డి తాళ్లతో, మెలిపెట్టిన లేత కొమ్మలతో బిగిస్తారు. ఆ కట్లు ఏళ్ల తరబడి పొగ తగిలి గట్టిపడతాయి. నిప్పు వెలిగించడం మానేసిన ఇంట్లో కప్పు త్వరగా చివుకుతుంది. పాత ఇళ్లను మ్యూజియంగా కాపాడే చోట ఇది అనుభవంలోకి వచ్చింది. కవసాకిలోని నిహొన్ మింకాఎన్ అనే ఆరుబయలు మ్యూజియంలో వాలంటీర్లు వంతులు వేసుకుని ఇరోరి రాజేస్తుంటారు. చూడటానికి వచ్చినవాళ్లకు ముచ్చటగా ఉంటుంది కానీ అసలు ఉద్దేశం కప్పును కాపాడుకోవడం.

ఆ ఊళ్లలో పొగ, వేడి కలిసి ఆదాయం కూడా తెచ్చిపెట్టాయి. రెండు మూడు అంతస్తుల అటకల్లో పట్టుపురుగులు పెంచేవారు. అటక నేలలో సందులు వదిలేవారు కాబట్టి కింది ఇరోరి వెచ్చదనం పైదాకా చేరేది. ఇంకో పని మరీ విచిత్రమైనది. ఇరోరి పక్కన, నేల చెక్కల కింద గొయ్యి తీసి, మట్టి, పట్టుపురుగుల పెంట, అడవి మొక్కలు పొరలు పొరలుగా వేసి ఏళ్ల తరబడి మాగనిచ్చేవారు. పొయ్యి వెచ్చదనంతో చలికాలంలోనూ అది పులిసేది. ఆ మట్టిని నీళ్లతో కడిగి, మరగబెట్టి సురేకారం తీసేవారు. తుపాకి మందుకు అదే ముడిసరుకు. గోకయమ పల్లెలు దీన్ని తమను ఏలిన కగ ప్రభువులకు సరఫరా చేశాయి. పైన పట్టు, కింద తుపాకి మందు సరుకు, మధ్యలో అంబలి ఉడికే కుండ. ఇరోరిని వంట పొయ్యి అనుకుంటే దాని కథలో చిన్న ముక్కే తెలిసినట్టు.

రాత్రి పడుకునే ముందు నిప్పు కణికలను బూడిదలో కప్పి, తెల్లారి ఊది రాజేసుకోవాలి. అగ్గిపెట్టె లేని రోజుల్లో నిప్పు ఆరిపోతే పొరుగింటికి వెళ్లి అడగాలి, అది నామోషీ. ఈ బాధ్యత ఎక్కువగా కొత్త కోడలిది. జపాన్‌లో చాలా చోట్ల చెప్పుకునే ఒక జానపద కథ ఉంది. ఏడాది ఆఖరి రాత్రి నిప్పు ఆరనీయొద్దని కోడలికి అప్పగిస్తారు. ఎంత కాచుకున్నా ఆరిపోతుంది. భయపడి ఆమె వీధిలోకి పరుగెడితే ఒక అపరిచితుడు నిప్పిస్తాడు, కానీ తన దగ్గరున్న శవపేటికను దాచిపెట్టాలని షరతు పెడతాడు. తెల్లారి చూస్తే అందులో బంగారం ఉంటుంది. కథ సుఖాంతమే. దాని వెనక ఉన్న కోడలి టెన్షన్ మాత్రం నిజం.

కూర్చునే తీరులో ఆ ఇంటి వరస మొత్తం బయటపడుతుంది. గుంటకు నాలుగు వైపులు, నాలుగింటికీ పేర్లు. వాకిలి మట్టినేలకు దూరంగా, దానికి ఎదురుగా ఉండే వైపు యొకొజ. అది ఇంటి యజమానిది, ఇంకెవరూ కూర్చోకూడదు. దానికి ఒక పక్క, గిన్నెలకు దగ్గరగా ఉండేది ఇల్లాలి చోటు, కకజ. ఎదురు పక్క అతిథి చోటు, క్యకుజ. మిగిలిన నాలుగో వైపు, మట్టినేలకు ఆనుకుని, కట్టెల మొదళ్లు పొయ్యిలోంచి బయటికి పొడుచుకొచ్చే వైపు కిజిరి. అక్కడ పనివాళ్లు, చాలా ఇళ్లలో కోడలు కూర్చునేవాళ్లు. చల్లగాలి వీపుకు కొట్టేదీ, కట్టెలు ఎగదోయాల్సిందీ అక్కడే. యజమాని చోట తెలియక కూర్చునేది పిల్లి, పిచ్చివాడు, సన్యాసి మాత్రమే అని సామెత కూడా ఉంది. ఊరిని బట్టి పేర్లు మారతాయి, పద్ధతి పెద్దగా మారదు.

ఇక తినడం. కలిసి కూర్చున్నారు కానీ కలిపి తినలేదు. సాధారణ ఇళ్లలో ఒక్కొక్కరికీ హకోజెన్ అనే చిన్న చెక్కపెట్టె ఉండేది. ఎవరి గిన్నెలు, ఎవరి చాప్‌స్టిక్‌లు వాళ్ల పెట్టెలోనే. మూత తిరగేసి పెట్టెమీద పెడితే అదే పళ్లెం. తినడం అయ్యాక గిన్నెలో వేడినీళ్లో, టీయో పోసుకుని, ఊరగాయ ముక్కతో లోపలంతా తుడిచి, ఆ నీళ్లు తాగేసి, గిన్నెలను మళ్లీ పెట్టెలో పెట్టేసేవారు. కడగడం రోజూ ఉండేది కాదు. ఒకరి గిన్నె ఇంకొకరు ముట్టుకునే పనే లేదు. ఇప్పుడు జపాన్ పేరు చెప్పి అమ్ముతున్న 'పంచుకు తినే సంస్కృతి' ఊహతో ఇది ఎక్కడా కలవదు.

వడ్డించే హక్కు కూడా ఒకరిదే. గరిట ఇల్లాలి చేతిలో ఉండేది. కుండలో ఉన్నదాన్ని ఎవరికి ఎంత వేయాలో ఆమె నిర్ణయం. అన్నంలో సగం పైగా ముల్లంగి ముక్కలో, బార్లీయో, చిరుధాన్యాలో కలిసి ఉండే రోజుల్లో గరిట ఏ లోతు నుంచి తీస్తుందన్నది చిన్న విషయం కాదు. పండించిన బియ్యం చాలా వరకు పన్నుకు పోయేది. అత్త ఆ గరిటను కోడలికి అప్పగించిన రోజు ఇంటి పెత్తనం చేతులు మారినట్టు. కొన్ని ప్రాంతాల్లో దాన్నొక తంతులాగే జరిపేవారు. కోడలు కిజిరి నుంచి కకజకు జరగడానికి ఇరవై ముప్ఫై ఏళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు.

మరి ఆ నిప్పు చుట్టూ అందరూ పంచుకున్నది ఏమిటి? వెచ్చదనం, వెలుతురు, మాటలు. చలికాలపు రాత్రుళ్లు అక్కడే కూర్చుని తాళ్లు పేనేవారు, గడ్డి చెప్పులు అల్లేవారు. చేతులు పనిలో ఉంటే నోరు ఖాళీ కాబట్టి కథలు సాగేవి. ఇవాటె రాష్ట్రంలోని తోనో ప్రాంతం జానపద కథలకు పేరుపడ్డది ఇలాంటి రాత్రుళ్ల వల్లే. అందరూ ఒకే బల్ల చుట్టూ చేరి మధ్యలో గిన్నెలు పెట్టుకుని తినడం మాత్రం ఆధునిక కాలపు అలవాటు. మెయిజీ కాలంలో (1868–1912) నగరాల్లో గొడ్డుమాంసం కుండ వంటకం దుకాణాలు వెలిసి, ఒకే కుండలోకి నలుగురూ చాప్‌స్టిక్‌లు పెట్టడం పాకింది. 20వ శతాబ్దం మొదటి భాగంలో చబుదాయ్ అనే మడత కాళ్ల పొట్టి బల్ల ఇళ్లలోకి వచ్చి హకోజెన్‌ను మెల్లగా తరిమేసింది. గుండ్రటి బల్లకు యజమాని మూల అంటూ ఉండదు కదా.

కాల్చుకు తినడం ఇరోరి దగ్గర ఉండేది, కానీ రెస్టారెంటులో కనిపించేలా కాదు. ఇరోరిలో చేప నిప్పు మీద ఉండదు, నిప్పు పక్కన ఉంటుంది. ఇవాన, అయు లాంటి ఏటి చేపలకు ఉప్పు పట్టించి, నీటికి ఎదురీదుతున్నట్టు ఒళ్లు వంకరలు తిరిగేలా వెదురు పుల్లకు గుచ్చుతారు. తోకకూ రెక్కలకూ ఉప్పు కాస్త దట్టంగా అద్దుతారు, లేకపోతే అవి మాడిపోతాయి. ఆ పుల్లలను నిప్పు చుట్టూ బూడిదలో నిలబెడతారు, తల కిందికి ఉండేలా. జపాన్ వంటవాళ్లు పదే పదే చెప్పే సూత్రం ఒకటుంది: మంట బలంగా ఉండాలి, చేప దూరంగా ఉండాలి. మంట తాకదు, కణికల నుంచి వచ్చే పరారుణ వేడి మాత్రమే తాకుతుంది. చర్మం కరకరలాడుతుంది, లోపలి నీరు నెమ్మదిగా తగ్గుతుంది. కొవ్వు తల వైపు జారి నోట్లోంచి బూడిదలోకి కారిపోతుంది. నిప్పు మీద పడదు కాబట్టి భగ్గుమని మండదు, మసి పట్టదు. ఒక చేపకు అరగంట నుంచి గంట పడుతుంది. రెస్టారెంటులో కస్టమర్ అంతసేపు ఆగడు. అందుకే అక్కడ ఇనుప జల్లెడ వచ్చింది, చేప నిప్పు మీదికి ఎక్కింది. రుచిలో తేడా రావడానికి ఇదొక్కటే చాలు.

పైగా పల్లెలో చేప కాల్చేది చాలాసార్లు వెంటనే తినడానికి కాదు, దాచుకోవడానికి. ఇరోరి పైన గడ్డిని లావుగా చుట్టి కట్టిన మోపు ఒకటి వేలాడేది. కాల్చిన చేపల పుల్లలను దానికి గుచ్చి, రోజుల తరబడి పొగలో వదిలేసేవారు. ఆ మోపు పేరు బెంకెయి. ఒళ్లంతా బాణాలు గుచ్చుకుని నిలబడే ప్రాణం వదిలాడని చెప్పుకునే వీర సన్యాసి పేరు అది. నల్లటి హాస్యం పల్లెల్లోనే బాగా పండుతుంది. తోహొకులోని సెందాయ్ ప్రాంతంలో కొత్త సంవత్సరం నాటి మోచి (దంచిన అన్నపు ముద్ద) పులుసుకు ఇప్పటికీ కాల్చి పొగబెట్టిన గోబీ చేపే రుచినిస్తుంది.

ఒక్కో ప్రాంతం తన నిప్పుకు తగ్గ తిండి కనిపెట్టుకుంది. అకితలో వండిన అన్నాన్ని దంచి, దేవదారు జాతి చెక్క పుల్ల చుట్టూ గొట్టంలా పట్టించి నిప్పు పక్కన ఎర్రగా కాలుస్తారు, అది కిరితంపో. నగనోలో ఆకుకూరో, ముల్లంగో లోపల పెట్టిన పిండి ఉండలను వేడి బూడిదలో పూడ్చిపెట్టి, బయటికి తీసి, బూడిద దులుపుకుని తింటారు. మధ్య జపాన్ కొండల్లో దంచిన అన్నానికి వాల్‌నట్, మిసో (పులియబెట్టిన సోయా) ముద్ద పూసి కాల్చే గోహెయి మోచి ఉంది. వీటిలో ఏదీ ఖరీదైన తిండి కాదు. మిగిలిన అన్నం, దొరికిన పిండి, నిప్పు.

బొగ్గు గురించి ఒక అపోహ కూడా తీర్చుకోవాలి. రొబతయాకి ప్రకటనల్లో బించోతన్ పేరు మారుమోగుతుంది. వకయమ తీరంలో ఉబమె అనే ఓక్ జాతి చెట్టుతో చేసే తెల్లబొగ్గు అది. బట్టీలో చివరి దశలో గాలి వదిలి వేడిని 1000 డిగ్రీలు దాటించి, ఎర్రగా ఉండగానే బయటికి లాగి, తడి బూడిద, ఇసుక కలిపి కప్పి ఆర్పుతారు. రెండు ముక్కలు కొడితే లోహంలా ఖంగుమంటుంది. పొగ దాదాపు రాదు, గంటల తరబడి ఒకే తీరున కాలుతుంది. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది, ఈ బొగ్గుతో ఆ బెడద చాలా తక్కువ కాబట్టి కాల్చినది పొడిగా, కరకరలాడుతూ వస్తుంది. ఇదంతా నిజమే. కానీ పల్లె ఇరోరిలో ఎక్కువగా మండింది మామూలు కట్టెలు, పుల్లలు. కొండ పల్లెల రైతులు చలికాలంలో బొగ్గు కాల్చింది నగరానికి అమ్ముకోవడానికి. బట్టీలో బొగ్గు చేసినవాడు ఇంట్లో పొగతోనే సరిపెట్టుకున్నాడు.

ఆ పొగే చివరికి ఇరోరికి ఎసరు పెట్టింది. కప్పుకు మేలు చేసిన పొగ కళ్లకూ ఊపిరితిత్తులకూ చేటు చేసింది. కట్టెలు కొట్టి మోసుకురావడం, నిప్పు కాచుకోవడం, మసి తుడవడం, అన్నీ ఆడవాళ్ల నెత్తినే పడేవి. పిల్లలు నిప్పులో పడటం కూడా అరుదు కాదు. బాక్టీరియా పరిశోధకుడు నొగుచి హిదెయో 1876లో ఫుకుషిమలోని ఇనవషిరోలో పుట్టాడు. ఏడాదిన్నర వయసులో ఇరోరిలో పడి ఎడమ చెయ్యి కాలిపోయింది, వేళ్లు అతుక్కుపోయాయి. తర్వాత ఆ చేతికి జరిగిన ఆపరేషనే తనను వైద్యం వైపు తిప్పిందని ఆయన జీవితకథలో చెబుతారు. 2004 నుంచి 2024 దాకా విడుదలైన 1000 యెన్ల నోటు మీద ఉన్నది ఆయన బొమ్మే. ఆయన పడిన ఇరోరి ఉన్న ఇంటిని స్మారక భవనంలో ఇప్పటికీ చూపిస్తారు. సంప్రదాయం మీద మోజు ఎక్కువైనప్పుడు ఆ గుంట చూసి రావడం మంచిది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మార్పు వేగంగా వచ్చింది. 1948లో వ్యవసాయాభివృద్ధి చట్టం కింద ప్రభుత్వం పల్లెలకు మహిళా కార్యకర్తలను పంపింది. పొగ తక్కువగా, కట్టెలు తక్కువగా పట్టే కొత్త పొయ్యి కట్టించడం వాళ్లు మొదట చేపట్టిన పనుల్లో ఒకటి. కోడళ్లు గుడ్లు అమ్మి, చిట్టీలు వేసి పొయ్యికి డబ్బు కూడబెట్టిన ఊళ్లున్నాయి. నిలబడి వంట చేసుకునే వంటగది వచ్చింది. 1950ల రెండో సగం నుంచి ప్రొపేన్ గ్యాస్ సిలిండర్, ఆ వెనకే కిరోసిన్ హీటర్ పల్లెలకు చేరాయి. గడ్డి కప్పు పోయి రేకో పెంకో వచ్చింది, కింద సీలింగ్ కొట్టారు. గుంట మీద చెక్కలు పరిచి పైన చాప వేసేస్తే గదిలో ఆనవాలు కూడా మిగల్లేదు. దీన్ని ఘోరంగా తలచుకుని బాధపడేవాళ్లు ఎక్కువగా యొకొజ నుంచి మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది. కిజిరిలో కూర్చున్నవాళ్లకు అది విడుదల.

ఈ మార్పు మొదలవుతున్న రోజుల్లోనే, 1950లో, సెందాయ్ నగరంలో అమాయె తొమియా అనే ఆయన 'రొబత' పేరుతో చిన్న మద్యం దుకాణం తెరిచాడు. ఆయన హోటల్ వ్యాపారి కోవకు చెందినవాడు కాదు. 1921లో పిల్లల గేయాల పత్రిక స్థాపించినవాళ్లలో ఒకడు, తోహొకు చెక్క బొమ్మలైన కోకేషిలను సేకరించి, వాటి మీద తొలి పుస్తకాల్లో ఒకటి రాసినవాడు. మాయమైపోతున్న పల్లె వస్తువులంటే ప్రాణం. దుకాణం మధ్యలో ఇరోరి, దాని దగ్గర తాను, చుట్టూ తాగడానికి వచ్చినవాళ్లు. సకే అనే బియ్యపు సారా వెచ్చబెట్టి ఇవ్వడం, మాట్లాడటం, ఆ ఊరి కూరగాయలు, చేపలతో చిరుతిండి. ఇప్పుడున్నంత ఆర్భాటంగా కాల్చడం అక్కడ ప్రధానం కాదు. ప్రధానమైనది నిప్పు, దాని పక్కన కబుర్లు. అంటే పల్లె ఇరోరి చుట్టూ నిజంగా పంచుకున్నవే.

కాల్చడం ముందుకొచ్చింది ఉత్తరాన. హొక్కైడోలోని కుషిరో పెద్ద చేపల రేవు. సెందాయ్ దుకాణం ప్రభావంతో అక్కడ 1953లో అదే పేరుతో మరో దుకాణం వెలిసింది. సముద్రం నుంచి దిగిన చేప ఇంటి పక్కనే దొరికే ఊళ్లో హొక్కె, సాన్మా చేపలు, స్క్విడ్ లాంటివి కస్టమర్ ఎదుటే బొగ్గుల మీద కాల్చడం సహజంగానే కుదిరింది. నేటి రొబతయాకి రూపం అక్కడిదే ఎక్కువ. ఇప్పటికీ కుషిరో రేవు గట్టున వేసవి నుంచి అక్టోబరు దాకా టికెట్లు కొని, చేప తెచ్చుకుని, ఎవరికి వాళ్లు కాల్చుకునే ఏర్పాటు ఉంది.

పొడవాటి గరిట గురించి విదేశీ రెస్టారెంట్లు ఒక కథ చెబుతాయి. పూర్వం జాలర్లు పడవలో బొగ్గు పెట్టె పెట్టుకుని చేపలు కాల్చి, పక్క పడవలకు తెడ్డు మీద అందించేవారట. అలా మొదలైందట. కథ బాగుంది, వ్యాపారానికి ఇంకా బాగుంది. పేరు, ఊరు, సంవత్సరం ఉన్న ఆనవాలు మాత్రం జాలరి పడవలో కాదు, పిల్లల గేయాలు రాసిన ఆ సెందాయ్ పెద్దమనిషి దుకాణంలో దొరుకుతుంది. నిప్పు వెడల్పుగా ఉండి, దాని అవతల ఉన్న మనిషికి గ్లాసు అందించాలంటే పొడుగు గరిట కావాలి. పుట్టుకకు ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

తర్వాత 1960లు, 70లలో రొబతయాకి ఒసాకాలో, టోక్యోలో విపరీతంగా పెరిగింది. అప్పటి నగరం ఎవరితో నిండిందో చూస్తే కారణం తెలుస్తుంది. 1950ల మధ్య నుంచి రెండు దశాబ్దాల పాటు తోహొకు పల్లెల్లో బడి ముగించిన పదిహేనేళ్ల పిల్లలను ప్రత్యేక రైళ్లలో గుంపులుగా టోక్యోలోని ఉఎనో స్టేషనుకు తెచ్చి ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో చేర్చారు. వాళ్లు పెద్దవాళ్లయ్యేసరికి ఊళ్లో ఇల్లు మారిపోయింది, ఇరోరి పోయింది. చేతిలో జీతం ఉంది, సాయంత్రం ఒంటరిగా ఉంది. గోడకు గడ్డి చెప్పులు, పైన కొక్కెం, మధ్యలో నిప్పు పెట్టిన బార్ వాళ్లకు ఊరిని అమ్మింది. 1970లో జాతీయ రైల్వే 'డిస్కవర్ జపాన్' పేరుతో పల్లె పర్యాటకాన్ని పెద్దఎత్తున ప్రచారం చేసింది. ఊరి మీద బెంగ అప్పటికి మంచి గిరాకీ ఉన్న సరుకైపోయింది.

అయితే దీన్ని నకిలీ అని కొట్టిపారేయడం కూడా తొందరపాటే. దుకాణం వదిలేసినవి చూస్తే అది చేసిన మేలు తెలుస్తుంది. యజమాని చోటు పోయింది. కోడలి చోటు పోయింది. ముందు వచ్చినవాడు నచ్చిన చోట కూర్చుంటాడు, పక్కన కూర్చున్నది మేనేజరో, లారీ డ్రైవరో తెలియదు. పల్లె ఇంట్లో నిప్పు ఎగదోసే మనిషి అందరికన్నా దిగువన, చల్లగాలిలో కూర్చుంటే, రొబతయాకిలో నిప్పు చూసుకునే మనిషి అందరి మధ్యలో కూర్చుని కేకలు వేస్తూ అందరి చూపూ తన మీద ఉంచుకుంటాడు. ఎవరికి ఎంత అన్నది గరిట పట్టినవాడు నిర్ణయించడు, తినేవాడు వేలు చూపిస్తాడు. డబ్బు లెక్క మధ్యలోకి వచ్చిందనే మాట నిజమే, కానీ ఆడవాళ్లు కూడా యజమాని వైపు కూర్చోగలిగిన మొదటి ఇరోరి బహుశా ఇదే.

జపాన్ దాటాక ఇది మళ్లీ మారింది. జర్మన్ షెఫ్ రైనర్ బెకర్ లండన్‌లో 2002లో జూమా, 2004లో రోకా మొదలుపెట్టాడు. రెండింటిలోనూ రొబత గ్రిల్ ముఖ్య ఆకర్షణ, జూమా తర్వాత దుబాయ్‌తో సహా చాలా నగరాలకు పాకింది. అక్కడ 'రొబత' అంటే గ్రిల్ యంత్రం పేరు. వంటసామాను కంపెనీలు గ్యాస్‌తో నడిచే రొబత గ్రిల్స్ కూడా అమ్ముతున్నాయి. పల్లెలోంచి కౌంటర్, కౌంటర్‌లోంచి పరికరం. దుబాయ్‌లోనో, లండన్‌లోనో ఉన్న తెలుగువాళ్లలో శాకాహారులు ఇలాంటి చోటికి వెళ్తే మొక్కజొన్న, షీటాకే పుట్టగొడుగులు, వంకాయ, పచ్చిమిర్చి, కాల్చిన అన్నం ఉండలు బాగానే దొరుకుతాయి. ఒక జాగ్రత్త: పైన పూసే సాస్‌లో చేప నీళ్లు కలిసే అవకాశం ఉంటుంది, అడిగి తెలుసుకోవాలి. ఇంకో జాగ్రత్త ఇంట్లో ప్రయోగాలు చేసేవాళ్లకు: పాత ఇరోరి ఇల్లు సందులమయం. కిటికీలు బిగించిన అపార్టుమెంటులో బొగ్గు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియనీయకుండా ప్రాణం తీస్తుంది.

ఇరోరి పోయినా దాని పొగను వదలని తిండి ఒకటి అకితలో ఉంది, ఇబురిగక్కో. తక్కిన జపాన్‌లో ముల్లంగిని ఎండబెట్టి తవుడులో ఊరవేస్తారు. అకితలో ముల్లంగి చేతికొచ్చే కాలానికి ఎండ ఉండదు, మంచు మొదలవుతుంది. అందుకని ఇరోరి పైన వేలాడదీసి పొగలో ఎండబెట్టి ఊరవేశారు. ఇళ్లలో ఇరోరిలు పూడ్చేశాక జనం ఆ రుచి వదులుకోలేక పెరట్లో చిన్న పొగ షెడ్లు కట్టుకున్నారు. ఓక్, చెర్రీ కట్టెలు రాత్రింబవళ్లు కొన్ని రోజులు మండించి ముల్లంగిని గోధుమ రంగుకు తెస్తారు. ఇప్పుడు చీజ్ ముక్కతో కలిపి టోక్యో బార్లలో వడ్డిస్తున్నారు, 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంతలో ఆహార భద్రత చట్టం మారింది. 2021 జూన్ నుంచి ఊరగాయ అమ్మేవాళ్లకు లైసెన్సు తప్పనిసరి, పాతవాళ్లకు 2024 మే ఆఖరు దాకా గడువు. లైసెన్సు కావాలంటే ఇంటి వంటగదికి వేరుగా పనిగది ఉండాలి, వేళ్లతో తిప్పనవసరం లేని కుళాయి ఉండాలి. ఏడాదికి కొన్ని వందల ముల్లంగులు ఊరవేసి రోడ్డు పక్క అంగడిలో అమ్ముకునే డెబ్బై ఎనభై ఏళ్ల ఆడవాళ్లకు ఆ ఖర్చు గిట్టుబాటు కాదు. స్థానిక ప్రభుత్వాలు సబ్సిడీ ఇచ్చాయి. కొందరు షెడ్డు మార్చుకున్నారు, కొందరు పనిగది ఉన్నవాళ్లతో కలిశారు, ఇంకొందరు ఆ ఏటి సరుకు అమ్మేసి మానేశారు.